పలాస గుంటకి, జాబ్ మేళాకి ముందు

చిరంజీవి బుజ్జికి, మీ అత్త దీవించి రాసేది.

విజయనగరంలో జాబ్ మేళాకి వస్తున్నావనీ, బట్టల షాపులోనో సూపర్ మార్కెట్‌లోనో సేల్స్ పని చూసుకుంటానన్నావనీ మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. వాడికి కంగారు. నాకు కంగారూ ఉంది, సంబరమూ ఉంది. "డిగ్రీ చదివి షాపులో నిలబడడమేటి" అని మూతి తిప్పేవాళ్లు మన చుట్టాల్లో ఉన్నారు. వాళ్లని అలా తిప్పుకోనీ.

చిన్న విషయాలు గబగబా చెప్పేస్తాను. రిజిస్ట్రేషన్ ముందే చేసుకో, ఆ నంబరు కాగితం మీద రాసుకో. నైపుణ్యాభివృద్ధి సంస్థ, జిల్లా ఉపాధి కార్యాలయం పెట్టే మేళాలకి రూపాయి కట్టక్కర్లేదు. ట్రైనింగ్ ఫీజనీ యూనిఫాం డిపాజిట్ అనీ ఎవరైనా అడిగితే ఆ బల్ల దగ్గర్నుంచి లేచి వచ్చెయ్. బయోడేటా ఒక్క పేజీ చాలు, పది కాపీలు తీయించు. ఫోటోలు ఎనిమిది. దువ్విన జడ, ఇస్త్రీ చేసిన కాటన్ చుడీదార్, పిన్ను పెట్టిన చున్నీ. కొత్త చెప్పులు మాత్రం వద్దు, క్యూలోనే కాళ్లు బొబ్బలెక్కుతాయి. మంచినీళ్ల సీసా, తినడానికి ఏదైనా డబ్బాలో పెట్టుకో.

బయోడేటాలో ఆధార్ నంబరు, కులం, ఎత్తు, బరువు రాయకు. కానీ "తెలిసిన భాషలు" అన్నచోట ఒడియా తప్పకుండా రాయి. కాశీబుగ్గ సంతలో బేరమాడే పాటి ఒడియా నీకు వచ్చు కదా, అది చాలు. రాయగడ, పర్లాకిమిడి వైపు నుంచి పెళ్లి బట్టలకి మనవైపు దిగే జనం ఉంటారు. వాళ్లతో మాట్లాడగలిగే మనిషి ఫ్లోర్ మీద ఒకరుంటే మేనేజరుకి ఎంత సుఖమో బల్ల అవతల కూర్చున్నవాడికి తెలుసు. మీ వైపు పిల్లలు దాన్ని గొప్పగా అనుకోరు, రాయడం మానేస్తారు.

ఇప్పుడు నాకు నిద్ర పట్టనివ్వని సంగతి. ఒరిజినల్ సర్టిఫికెట్లు.

ప్రతి మేళాలోనూ ఎవరో ఒకరు ఈ తప్పు చేస్తారు, ఏళ్ల తరబడి ఇదే తప్పు. సెలెక్ట్ అయ్యారనగానే ఆనందంలో పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, డిగ్రీ ప్రొవిజనల్ అన్నీ కవరుతో సహా చేతిలో పెట్టేస్తారు. "జాయినింగ్ అయ్యాక ఇచ్చేస్తాం" అంటారు వాళ్లు. నిజంగా ఇచ్చేవాళ్లూ ఉన్నారు. ఇవ్వనివాళ్లు ఎందుకు పెట్టుకుంటారో తెలుసుకో. సేల్స్ పనిలో చేరిన పిల్లలు రెండు మూడు నెలలకే మానేస్తుంటారు, పండగ సీజన్ మధ్యలో మానేస్తే షాపు ఇబ్బంది పడుతుంది. సర్టిఫికెట్ బీరువాలో ఉంటే పిల్ల ఎక్కడికీ పోదని వాళ్ల లెక్క. ఆ తరవాత ఒంట్లో బాగోక మానేద్దామన్నా, ఏదైనా సర్కారు పరీక్షకి ఒరిజినల్ చూపించాలన్నా, "నెల నోటీసివ్వు, ఆ జీతం వదులుకో" అని బేరం మొదలవుతుంది. పోయిందని డూప్లికేట్‌కి పెడదామా అంటే, అది పోలేదు, వాళ్ల దగ్గరే ఉంది. పోయిందని పోలీసులకి రాసివ్వడమూ అఫిడవిట్ ఇవ్వడమూ అబద్ధమవుతుంది. ఎటూ కదలలేని పరిస్థితి.

అందుకని రెండు కవర్లు పెట్టుకో. ఒకదాంట్లో ఒరిజినల్స్, అది నీ చేతిలోంచి దిగకూడదు. రెండోదాంట్లో జిరాక్స్‌లు, ప్రతిదీ అయిదేసి. ప్రతి జిరాక్స్ మీద అడ్డంగా "ఉద్యోగ దరఖాస్తు కోసం మాత్రమే" అని రాసి, సంతకం, తేదీ వెయ్. అక్షరాలు నంబర్ల మీద పడకుండా చూసుకో. ఒరిజినల్ అడిగితే చూపించు, వాళ్లు జిరాక్స్‌తో సరిపోల్చుకునేదాకా అక్కడే నిలబడు, వెనక్కి తీసుకో. "లోపలికి తీసుకెళ్లి చూస్తాం" అంటే నువ్వూ లోపలికెళ్లు. "ఇక్కడే చూడండి సార్, సంతకం పెట్టిన కాపీ ఇస్తాను" అని మర్యాదగానే అను. దానికే కోపమొచ్చే కంపెనీ అయితే ఆ ఉద్యోగం నీకొద్దు. మెమోలు డిజిలాకర్‌లో కూడా దించి పెట్టుకో, చట్టం దృష్టిలో వాటికీ ఒరిజినల్ విలువే. ఖాళీ చెక్కు మీద, రాయని బాండు కాగితం మీద సంతకం అడిగినా ఇదే జవాబు.

మొహమాటపడతావని నాకు భయం. చిన్నప్పట్నుంచీ ఎవరేం అడిగినా చేతిలో పెట్టేసే పిల్లవి నువ్వు.

తరవాత జీతం. "నెలకి పదమూడు వేల ఆరొందలు" అని బోర్డు మీద ఉంటుంది, పిల్లలు అదే చేతికొస్తుందనుకుంటారు. అది కంపెనీకయ్యే మొత్తం ఖర్చు కావొచ్చు. లెక్క చూడు. గ్రాస్, అంటే కోతలకి ముందు జీతం, 12,000, అందులో బేసిక్, అంటే అసలు జీతం, 10,000 అనుకో. పీఎఫ్ బేసిక్ మీద 12 శాతం, అంటే 1,200 నీ వాటా. ఈఎస్ఐ గ్రాస్ మీద 0.75 శాతం, 90 రూపాయలు. చేతికొచ్చేది 10,710. కంపెనీ తన వాటాగా పీఎఫ్ 1,200, ఈఎస్ఐ 3.25 శాతం చొప్పున 390 కడుతుంది. అవి కూడా కలిపి 13,590 చేసి, బోర్డు మీద గుండు అంకె వేస్తారు. మోసమేం కాదు, నువ్వు అడగాలంతే: "చేతికెంత వస్తుంది సార్?" పీఎఫ్, ఈఎస్ఐ కోసుకున్నారని ఏడవకు. ఈఎస్ఐ ఉంటే ఆసుపత్రి ఖర్చు తప్పుతుంది, పీఎఫ్‌లో నీ డబ్బు పక్కకి పడుతుంది. అప్రెంటిస్ అంటే మాత్రం అది వేరు. అక్కడిచ్చేది స్టైపెండ్, పీఎఫ్ ఉండదు.

ఇంకొకటి అడుగు: "జీతం ఎవరి పేరు మీద పడుతుంది?" బ్యానర్ మీద పెద్ద షాపు పేరుంటుంది, నిన్ను తీసుకునేది మాత్రం షాపులకి మనుషుల్ని పంపే మ్యాన్‌పవర్ ఏజెన్సీ కావొచ్చు. అలాంటప్పుడు పీఎఫ్ అయినా, ఫిర్యాదు అయినా ముందు ఏజెన్సీతోనే. ఏజెన్సీ పేరు రాసుకో. క్యాష్ తక్కువొస్తే, సరుకు పోతే ఎవరి జీతంలో కోస్తారో, ఇన్సెంటివ్ ఏ లెక్కన ఇస్తారో కూడా అడుగు.

పండగల గురించి ముందే చెప్తున్నా. దసరాకి, సంక్రాంతికి, ఆషాఢం సేల్‌కి సెలవు దొరకదు. దసరా వెళ్లాక వచ్చే మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను, ఊరంతా జనమే. ఆ రోజు మీ అమ్మ నిన్ను పక్కన ఉండమంటుంది. ఉండలేవు. ఇప్పుడే చెప్పెయ్ దానికి.

ఇంటర్వ్యూలో "నీ గురించి చెప్పు" అంటే చిన్నగా చెప్పు. పేరు, ఊరు, చదువు, జనంతో చేసిన పని ఏదైనా ఉంటే అది, ఏ షిఫ్టయినా చేస్తావా, ఎప్పుడు చేరగలవు. హాబీలు ఎవరికీ అక్కర్లేదు.

"ఏదైనా అమ్మి చూపించు" అంటారు. పెన్ను అమ్మడం అందరూ బట్టీ పట్టి వస్తారు. నువ్వు జీడిపప్పు అమ్ము, పలాస పిల్లవి కదా! ముందు ధర చెప్పకు. "పాయసంలోకా అమ్మా, ఎవరికైనా ఇవ్వడానికా?" అని అడుగు. పాయసానికైతే బద్దలో ముక్కలో చాలు, ధర తక్కువ. ఇవ్వడానికైతే డబ్ల్యూ 240 చూపించు, పక్కన 320 పెట్టు. 240 అంటే పౌనుకి, అంటే 454 గ్రాములకి, 220 నుంచి 240 పప్పులు తూగేది. 320 అయితే 300 నుంచి 320. అంకె పెరిగితే పప్పు చిన్నది. రెండే చూపించు, పది చూపిస్తే "మళ్లీ వస్తాం" అని వెళ్లిపోతారు. ధర ఆఖర్న చెప్పి, "అరకిలో కట్టమంటారా, కిలోనా?" అని ఆగు. ఆగడమే కష్టం, ఆ ఖాళీలో ఏదో ఒకటి వాగాలనిపిస్తుంది. వాగకు.

లెక్కలు అడుగుతారు. 347 బిల్లుకి 500 ఇస్తే తీసివేత వద్దు, పైకి లెక్కపెట్టు: మూడు కలిపితే 350, యాభై కలిపితే 400, వంద కలిపితే 500. ఇవ్వాల్సింది 153. "50 శాతం, ఆపైన 20 శాతం తగ్గింపు" అంటే 70 కాదు. వెయ్యి రూపాయల చీర 500 అవుతుంది, అందులో 20 శాతం పోతే 400, అంటే మొత్తం 60 శాతం. రెండు కొంటే ఒకటి ఉచితం అంటే మూడోవంతు తగ్గినట్టు. ఎంఆర్‌పీలో పన్ను కలిసే ఉంటుంది, దాని మీద మళ్లీ జీఎస్టీ వెయ్యకూడదు. సరుకు సర్దేటప్పుడు పాత తేదీది ముందుకి, కొత్తది వెనక్కి. తేదీ దాటిన బిస్కెట్ తెచ్చి ఎవరైనా గొడవ పడితే ఏం చేస్తావని అడిగితే: క్షమించమంటాను, బిల్లు చూస్తాను, అదే తేదీ ప్యాకెట్లు ర్యాక్‌లోంచి తీసేస్తాను, సూపర్‌వైజర్‌ని పిలుస్తాను. డబ్బు వెనక్కిస్తానని సొంతంగా మాటివ్వకు.

షిఫ్టంతా నిలబడాలి, పాదాలు వాస్తాయి. భోజనానికి ఎంతసేపు, ఆడవాళ్లకి బాత్రూం ఫ్లోర్ మీదే ఉందా, రాత్రి షాపు కట్టేసరికి ఎన్నవుతుంది, ఇంటికి దింపుతారా? సిగ్గుపడకుండా అడుగు. హైదరాబాద్ పోస్టింగ్ అంటే హాస్టల్ ఎవరిదో, అద్దె ఎవరు కడతారో తెలిసేదాకా ఒప్పుకోకు. పదివేల చిల్లరలో అద్దె, తిండి పోతే మిగిలేదేమీ ఉండదు. మొదటి ఏడాది విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో చెయ్, నా మాట విను.

సెలెక్ట్ అన్న చోట వెంటనే అవుననకు. ఆఫర్ లెటర్ ఫోటో నాకు వాట్సాప్‌లో పంపు. చేతికొచ్చే జీతం, పని చేసే ఊరు, చేరే తేదీ, ఏజెన్సీ పేరు కాగితం మీద ఉన్నాయో లేదో నేను చూస్తాను.

మేళా రోజు పొద్దున్న ప్యాసింజర్‌ని నమ్ముకోకు, అది ఆలస్యమైతే క్యూ సగం అయిపోతుంది. ముందురోజు సాయంత్రానికే మా ఇంటికి వచ్చెయ్. స్టేషన్‌లో దిగి ఫోన్ చెయ్, మీ మావయ్య బండి తెస్తాడు.

మీ అత్త