ఒక్క ఫోన్‌తో క్లాసులో అందరి జవాబులూ తెలుసుకోవడం ఎలా?

కోనసీమలో టీచింగ్ ప్రాక్టీసుకు వెళ్లే బీఎడ్ విద్యార్థి ప్రశ్న ఇది: పిల్లల దగ్గర ట్యాబ్‌లు లేవు, అర్థమైందా అంటే అందరూ "అయింది సార్" అంటారు.

ప్లికర్స్ అనే యాప్, దాని కార్డులు చాలు: నల్లగుర్తు అచ్చేసిన కార్డు పిల్లలకు తలా ఒకటి. కార్డు ఏ అంచు పైకి ఉంటే అది జవాబు; మీ ఫోన్ కెమెరా అన్నిటినీ చదువుతుంది. మెరిసే లామినేషన్ మాత్రం చేయించకండి, కిటికీ వెలుగు పడితే స్కాన్ కాదు. వేళ్లు నల్లగుర్తు మీదకి రాకూడదు.

అసలు పని ప్రశ్నది. ఆర్కిమెడీస్ సూత్రం నిర్వచనం అడిగితే బట్టీ బయటపడుతుందంతే. ఇలా అడగండి: నరసాపురం రేవులో సరుకెక్కించిన నావ అంతర్వేది దాటి సముద్రంలోకి వెళ్తే ఇంకాస్త మునుగుతుందా, తేలుతుందా, మార్పుండదా? సముద్రం లోతెక్కువ కాబట్టి మునుగుతుందనే వాళ్లు తప్పక ఉంటారు. నిజానికి లోతుతో పనిలేదు. లీటరు ఉప్పునీరు సుమారు 1.025 కిలోలు, మంచినీరు 1 కిలో; నావ తన బరువంత నీటినే పక్కకు తోస్తుంది, ఉప్పునీరైతే తక్కువ లీటర్లు చాలు, అందుకే కాస్త పైకి తేలుతుంది.

మొదటి ఓటు మాటల్లేకుండా, ఒక నిమిషంలో. ఫలితం అప్పుడే చూపించకండి, చూపిస్తే మందతో పాటే అందరూ. హార్వర్డ్‌లో ఫిజిక్స్ ప్రొఫెసర్ ఎరిక్ మజూర్ 1991లో మొదలుపెట్టిన పద్ధతిలో లెక్క ఇది: ఒప్పు 30 శాతం లోపుంటే మళ్లీ చెప్పాలి, 70 దాటితే ముందుకెళ్లాలి. మధ్యలో ఉంటే, వేరే జవాబిచ్చిన పక్కవాళ్లతో రెండు మూడు నిమిషాలు వాదించుకోనిచ్చి మళ్లీ ఓటు. స్నేహితులే జట్టుకడితే వాదన ఉండదు, జట్లు మీరే వేయండి.