పాఠకుల సందేహాలు: తెగులు పరీక్ష తోట గట్టుకు ఎప్పుడు వస్తుంది?

ప్రశ్న: మాది అరకు ప్రాంతం. విశాఖపట్నంలో ఎం.ఎస్సీ. వృక్షశాస్త్రం చదువుతున్నాను. ఇంటి దగ్గర నాన్నగారికి కాఫీ తోట ఉంది. కాయ తొలుచు పురుగు వచ్చిందన్న కబురు విన్నప్పటి నుంచి ఆయనకు నిద్ర లేదు. విదేశాల నుంచి వచ్చే చీడపీడలను రేవులోనూ తోటలోనూ అక్కడికక్కడే తేల్చే కిట్ చేయడం అంత కష్టమా? కొవిడ్‌కు ఇంట్లోనే పరీక్ష చేసుకున్నాం కదా!
– ఒక విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: ముందు నాన్నగారి తోట సంగతి. కాఫీ కాయ తొలుచు పురుగును గుర్తించడానికి కిట్ అవసరం లేదు. కాయ బొడ్డు దగ్గర గుండుసూది గుచ్చినంత రంధ్రం కనిపిస్తుంది, ఆ కాయను కోస్తే గింజలో రెండు మిల్లీమీటర్లయినా లేని నల్లటి పెంకు పురుగు, దాని పిల్లలు ఉంటాయి. మిథనాల్, ఇథనాల్ కలిపిన ఎర పెట్టిన బుట్టలు తోటలో వేలాడదీస్తే ఎగిరే పురుగుల రాక తెలుస్తుంది. మన దేశంలో ఇది మొదట 1990లో నీలగిరి జిల్లా గూడలూరు ప్రాంతంలో కనిపించింది, అరకు ప్రాంతంలో 2025లో బయటపడింది. కాయలతోనూ, వాటిని మోసిన గోనెసంచులతోనూ ఊళ్ళు దాటే పురుగు ఇది. కాబట్టి బయటి నుంచి వచ్చే పాత సంచులను తోటలోకి రానివ్వకపోవడం ఏ పరీక్ష కన్నా ముందు చేయవలసిన పని.

కంటితో తేలని చోటే కిట్ అవసరం పడుతుంది. మిరప రైతులను 2021లో ముంచిన నల్ల తామర పురుగునే చూడండి. మన దేశంలో అది 2015లోనే బొప్పాయి మీద నమోదయింది. మిల్లీమీటరు పొడవుండే ఆ పురుగును ఎప్పుడూ కనిపించే తామర పురుగుల నుంచి వేరుచేయాలంటే సూక్ష్మదర్శినీ, దానితో చూడడం తెలిసిన మనిషీ ఇద్దరూ కావాలి. పండు ఈగ పిల్లల విషయం ఇంకా కష్టం. ఒక జాతి పిల్లకూ మరో జాతి పిల్లకూ పైకి తేడా దాదాపు కనిపించదు కనుక, వాటిని పెంచి ఈగలయ్యేదాకా రెండు మూడు వారాలు ఆగాలి. రేవులో దిగిన పండ్లు అన్నాళ్ళు ఆగవు.

ఇలాంటి చోట ఆశ కలిగిస్తున్నది 2000లో జపాన్ శాస్త్రవేత్తలు ప్రకటించిన ల్యాంప్ పద్ధతి. పీసీఆర్ లాగే ఇదీ వెతుకుతున్న జీవి డీఎన్ఏకు కోట్ల నకళ్ళు తీసి దాన్ని పట్టిస్తుంది. పీసీఆర్ పరీక్షలో యంత్రం ద్రావణాన్ని 95 డిగ్రీల దాకా వేడిచేసి మళ్ళీ చల్లార్చడం ముప్పై నలభై సార్లు జరగాలి. ల్యాంప్‌కు 60 నుంచి 65 డిగ్రీల మధ్య ఒకే వేడి చాలు కాబట్టి బ్యాటరీతో నడిచే చిన్న పెట్టెతో గంటలోపే, రంగు మార్పు చూసి ఫలితం చెప్పవచ్చు. నాలుగు ప్రైమర్లు (వెతుకుతున్న డీఎన్ఏకు అతుక్కునే చిన్న డీఎన్ఏ ముక్కలు) కలిసి డీఎన్ఏలో ఆరు చోట్లను గుర్తుపట్టాలి కనుక పొరపాటుకు తావు తక్కువ. వైరస్ తెగుళ్ళకైతే మీరు చెప్పిన కొవిడ్ కిట్ తరహా పట్టీలు ఇప్పటికే కొన్ని ఉన్నాయి.

మరి కష్టం ఎక్కడుంది? కాఫీ, మామిడి ఆకుల రసంలోని పాలీఫినాల్స్ అనే వగరు పదార్థాలు డీఎన్ఏ పరీక్షను అడ్డుకోగలవు. ఆకును నలిపి నేరుగా పరీక్ష ద్రావణంలో ముంచితే తెగులు ఉన్నా లేదనే జవాబు రావచ్చు. అందుకే ప్రతి నమూనాలోనూ మొక్క సొంత జన్యువుకు కూడా పరీక్ష నడపాలి, అది కనిపించకపోతే ఆ ఫలితాన్ని పక్కన పెట్టాలి. మరో చిక్కు, చచ్చిన పురుగులోనూ డీఎన్ఏ ఉంటుంది. ధూమీకరణ (పురుగులను చంపే విషవాయువు పట్టించడం) అయిన సరుకులో ‘ఉంది’ అని తేలితే ఆ పురుగు బతికి ఉందో లేదో పరీక్ష చెప్పదు, క్వారంటైన్ అధికారికి కావలసింది సరిగ్గా అదే. పరీక్ష ముగిసిన గొట్టం మూత తీస్తే అందులోని కోట్ల డీఎన్ఏ నకళ్ళు గాలిలో కలిసి తర్వాతి పరీక్షలన్నిటినీ పాడుచేస్తాయి. మన సముద్ర తీరపు ఉక్కలో రసాయనాలు నిలవాలంటే వాటిని ఎండబెట్టిన పొడిగా ఇవ్వాలి.

అన్నిటికన్నా నన్ను ఆలోచింపజేసేది నమూనా లెక్క. నూటికి ఒక మొక్కకు తెగులుందనుకుందాం. దాన్ని నూటికి తొంభై అయిదు పాళ్ళు నమ్మకంతో పట్టుకోవాలంటే సుమారు 300 మొక్కలు చూడాలి. వెయ్యికి ఒకటైతే దాదాపు 3,000 చూడాలి. ఎంత మంచి కిట్ అయినా పది ఆకుల మీద వాడి ‘సరుకు శుభ్రం’ అనకూడదు. దీనికి ఎదురు లెక్క కూడా ఉంది. వెయ్యి సరుకుల్లో ఒక్కదానికే నిజంగా తెగులుండి, పరీక్ష నూటికి ఒకసారి తప్పుగా ‘ఉంది’ అంటే, పదిమంది నిర్దోషుల సరుకు ఆగిపోతుంది. అందువల్ల తోటలో వచ్చిన ఫలితం సరుకును ఆపి ఉంచడానికే సరిపోవాలి, తగలబెట్టే నిర్ణయానికి ప్రయోగశాల నిర్ధారణ ఉండి తీరాలి. కొత్త పరీక్షను తయారుచేసేవారు అసలు జాతితో పాటు దాని దగ్గరి బంధువులన్నిటి మీదా ప్రయోగించి, పదింతల చొప్పున పలుచన చేస్తూ ఎంత తక్కువను పట్టగలదో చూసి, చివరికి తమ ప్రయోగశాల ముఖం చూడని క్షేత్ర సిబ్బంది చేతికిచ్చి పరీక్షించాలి. ఈ చివరి మెట్టు దాటని కిట్‌ను తోటకు పంపకూడదని నా గట్టి అభిప్రాయం.

మీకొక మాట. పురుగు పట్టిన కాయలను సంచిలో వేసుకుని కళాశాలకు తేవద్దు. అక్కడే పురుగును బిగుతు మూత ఉన్న సీసాలో 95 శాతం ఆల్కహాల్‌లో వేయండి. ఫార్మలిన్ డీఎన్ఏను పాడుచేస్తుంది కనుక అది వద్దు. కోసిన తేదీ, తోట పేరు కాగితం ముక్క మీద పెన్సిల్‌తో రాసి సీసాలో వేసి, కాఫీ బోర్డు సిబ్బందికి కబురు చేయండి.

ప్రశ్న: మా అమ్మాయి విదేశం నుంచి వస్తూ గులాబీ అంట్లు తెస్తానంటోంది. విశాఖలో మొక్కల క్వారంటైన్ కేంద్రం ఉంది కదా, పరీక్ష చేయించుకుని తెచ్చుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: అమ్మా, పరీక్ష కన్నా ముందు కాగితాలు కావాలి. 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం బయలుదేరేలోపే ఇక్కడి నుంచి దిగుమతి అనుమతి పత్రం, మొక్కకు చీడపీడలు లేవని ఆ దేశపు అధికారులిచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ ఉండాలి. వేళ్ళకు మట్టి అంటి ఉండకూడదు. ఇవేవీ లేకపోతే తేవద్దని అమ్మాయికి ఇప్పుడే చెప్పండి. కొన్ని తెగుళ్ళు లక్షణాలు కనిపించకుండానే కొమ్మలో నెలల తరబడి దాగి ఉంటాయి, ఆ అంటు పైకి ఎంత పచ్చగా ఉన్నా సరే.