ట్యాంకులో పెరాక్సైడ్ పోయడం ఈరోజే ఆపండి

ప్రశ్న: మాది పటాన్‌చెరు దగ్గర. కొంతకాలంగా బోరు నీళ్లు మందు వాసన కొడుతున్నాయి. ఇంట్లో యూవీ ఫిల్టర్ ఉంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపిన నీళ్లకు యూవీ లైటు తగిలితే రసాయనాలు విరిగిపోతాయని ఒక వీడియోలో చూశాం. కెమికల్ షాపులో 35 శాతం డబ్బా తెచ్చి ట్యాంకులో కొద్దికొద్దిగా పోస్తున్నాం. వెయ్యి లీటర్లకు ఎంత పోయాలి? చేతులు మండుతున్నాయి, ఏ క్రీమ్ రాయాలి? మూడు నెలల పాపకు డబ్బా పాలు కూడా ఈ నీళ్లతోనే కలుపుతున్నాం. - ఒక పాఠకుడు

జవాబు: మోతాదు చెప్పను. ముందు పాప సంగతి చూద్దాం.

ఈ పూట నుంచే పాలకు ఈ నీళ్లు వాడకండి. రసాయనాల మాట అటుంచితే, పొలాలు, సెప్టిక్ ట్యాంకులు దగ్గర్లో ఉన్న బోర్లలో నైట్రేట్ ఎక్కువగా ఉండటం మన దగ్గర కొత్తేమీ కాదు. ఆరు నెలల లోపు పిల్లల ఒంట్లో అది నైట్రైట్‌గా మారి, హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ మోయలేకుండా చేస్తుంది. పెదవులు, గోళ్లు నీలంగానో బూడిద రంగులోనో మారినా, పాప పాలు తాగకుండా మగతగా ఉన్నా వెంటనే పిల్లల ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. బోరు నీళ్ల సంగతి అక్కడ మీరే చెప్పండి, అడిగేదాకా ఆగొద్దు. ఈ స్థితిలో వేలికి పెట్టే ఆక్సీమీటర్ అంకెను నమ్మలేం. నీళ్లు మరిగిస్తే నైట్రేట్ ఇంకా చిక్కబడుతుంది. ఇంట్లోని యూవీ లైటు దాన్ని తగ్గించలేదు. ఆర్వో తగ్గిస్తుంది గానీ, ఎంత తగ్గిందో పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. తాగునీటిలో నైట్రేట్‌కు మన గరిష్ఠ ప్రమాణం లీటరుకు 45 మిల్లీగ్రాములు.

మీరు చూసిన పద్ధతి అబద్ధం కాదు. అమెరికాలో అరిజోనాలోని టూసాన్ నగరం భూగర్భజలంలోని ట్రైక్లోరోఇథిలీన్, డయాక్సేన్ అనే పారిశ్రామిక ద్రావకాలను విరగ్గొట్టడానికి 2014లో ఇలాంటి ప్లాంటునే మొదలుపెట్టింది. అక్కడ ముందు పెరాక్సైడ్ కలుస్తుంది, తర్వాత లైటు, ఆపైన మిగిలిన పెరాక్సైడ్‌ను తీసేసే కార్బన్ (బొగ్గు) ఫిల్టర్. ఇళ్లలో వాడే ఫిల్టర్లలో సాధారణంగా వరస తలకిందులు: ముందు కార్బన్, చివర లైటు. మీరు పోసిన పెరాక్సైడ్ కార్బన్ దగ్గరే చాలావరకు నీరు, ఆక్సిజన్‌గా విడిపోతుంది. ఇక లైటు దగ్గర విరగ్గొట్టడానికి మిగిలేదేముంది? పైగా ఇంటి లైటు క్రిములను చంపేంత బలంతోనే చేస్తారు. రసాయనాలను విరవాలంటే దానికి పది రెట్లకు పైగా మోతాదు కావాలి. మన బోరు నీళ్లలోని బైకార్బొనేట్లు ఆ చర్యను సగంలోనే మింగేస్తాయి, లైటు చుట్టూ ఉండే గాజు గొట్టం మీద తెల్లటి పొర కడితే ఉన్న వెలుగూ తగ్గుతుంది. సగం విరిగిన రసాయనం మొదటిదానికంటే మంచిదన్న హామీ కూడా లేదు.

ఇక ఫిల్టర్ లేని కుళాయిల్లో, అంటే స్నానానికి, గిన్నెలు కడగడానికి, మీరు పోసిందంతా నేరుగా వస్తోంది. చేతుల మంట దానివల్ల కావచ్చు, నీళ్లలోని రసాయనం వల్లా కావచ్చు, చూడకుండా తేల్చలేను. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే మిశ్రమ స్టెరాయిడ్ క్రీములు మాత్రం రాయకండి. మంట తగ్గినట్టే ఉంటుంది, చర్మం పలచబడుతుంది, అసలు కారణం మరుగున పడుతుంది. జ్వరానికి సొంతంగా యాంటీబయాటిక్ మింగడం ఎంత తప్పో, నీళ్లకు సొంత వైద్యం చేయడమూ అంతే తప్పు. గాయాలకు వాడేది 3 నుంచి 6 శాతం పెరాక్సైడ్. మీ దగ్గరున్నది 35 శాతం. అది ఒక్క గుక్క గొంతు దిగినా కడుపులో లీటర్ల కొద్దీ ఆక్సిజన్ పుడుతుంది, ఆ బుడగలు రక్తంలోకి చేరి ప్రాణం మీదికి రావచ్చు. ఎవరైనా పొరపాటున తాగితే వాంతి చేయించకండి, ఆసుపత్రికి పరుగెత్తండి.

ట్యాంకు ఖాళీ చేసి కడిగించండి. తాగడానికి, వంటకు మిషన్ భగీరథ నీళ్లో బీఐఎస్ గుర్తున్న క్యానో వాడండి. వాసన పోయేదాకా ఆ బోరు నీళ్లతో తలుపులు మూసి వేడి స్నానం వద్దు, ద్రావకాలు ఆవిరితో ఊపిరితిత్తుల్లోకి వెళతాయి. ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపున్న ల్యాబ్‌లో నైట్రేట్, ఫ్లోరైడ్, ఆవిరయ్యే కర్బన రసాయనాలు అడిగి చేయించండి. మూడోదానికి ల్యాబ్ ఇచ్చే గాజు సీసానే వాడాలి. గాలి బుడగ లేకుండా అంచుదాకా నింపి, ఐస్ మీద పెట్టి పంపాలి. వాటర్ బాటిల్లో సగం నింపి పంపితే రిపోర్టు బాగానే ఉన్నట్టు వచ్చేస్తుంది.

మిగిలిన డబ్బా కొన్న షాపుకే తిరిగిచ్చేయండి. ఇచ్చేదాకా దాన్ని నీళ్ల సీసాలో పోసి మాత్రం ఉంచొద్దు.