సంక్రాంతికి కారులో వస్తున్నావట

చిన్నోడికి,

మామయ్య ఆశీస్సులు. ఇక్కడ అందరం బాగున్నాం.

కొత్త కారులో, భోగి ముందు రోజు రాత్రి ఆఫీసు అవ్వగానే బయల్దేరి తెల్లారేసరికి ఊళ్లో ఉంటారని మీ అమ్మ మురిసిపోతూ చెప్పింది. కారు కొన్నందుకు సంతోషంరా. ఆ రాత్రి ప్రయాణమే నాకు మింగుడు పడలేదు. ఫోన్లో చెబితే "సరే మామయ్యా" అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నాను.

హైదరాబాద్ - విజయవాడ రోడ్డు మీద నేను 31 ఏళ్లు బస్సు నడిపాను. సుమారు 270 కిలోమీటర్లు. రెండు లైన్లున్న రోజుల్లో ఎదురుగా వచ్చే లారీ అంటే భయం. నాలుగు లైన్లయ్యాక ఆగి ఉన్న లారీ అంటే భయం పట్టుకుంది. టైరు పంచరయ్యో, డ్రైవర్‌కి నిద్రొచ్చో సగం బండి రోడ్డు మీదే ఉంచి ఆపేస్తారు. వెనక లైటు వెలగదు. రేడియం స్టిక్కరు మీద దుమ్ము పేరుకుపోయి ఉంటుంది. డిమ్ లైట్లో నీకు 50 మీటర్లకు మించి సరిగా కనపడదు. 100 స్పీడులో కారు సెకనుకు దాదాపు 28 మీటర్లు పోతుంది. అది లారీ అని బుర్రకెక్కి, కాలు బ్రేకు మీదకు వెళ్లేసరికే సగం దూరం అయిపోతుంది. మిగిలిన సగంలో ఎంత ఖరీదైన కారూ ఆగదు. అందుకే చీకట్లో 70 దాటకు. అప్పుడైతే ఆగడానికి వీలుంటుంది.

ఇక నిద్ర సంగతి. ఇది మీ అత్తకు కూడా రిటైరయ్యాకే చెప్పాను. ఓసారి తెల్లవారుజాము నాలుగింటికి జగ్గయ్యపేట దగ్గర్లో ఉన్నాను. కళ్లు తెరిచే ఉన్నాయి, చేతులు స్టీరింగ్ మీదే ఉన్నాయి, కానీ కోదాడ ఎప్పుడు దాటానో గుర్తు లేదు. "అన్నా, ట్రాక్టర్!" అని కండక్టర్ అరిచాడు. గడ్డి లోడు. కుడికి కోసి తప్పించాను. కాస్త ముందుకెళ్లి ఆపి చూస్తే ఎడమ అద్దానికి గడ్డిపోచలు చిక్కుకుని ఉన్నాయి. బస్సులో ఒక్కరు కూడా నిద్ర లేవలేదు. మూడు సెకన్లు రెప్ప పడితే, 100 స్పీడులో, ఏడు బస్సులు వరసగా నిలబెట్టినంత దూరం ఎవరూ నడపకుండానే బండి పోయినట్టు లెక్క.

కాబట్టి ఆ రాత్రి ఇంట్లో పడుకుని పొద్దున ఆరింటికి బయల్దేరు. పండగ రద్దీలో పంతంగి టోల్ గేటు దగ్గర ఎలాగూ ఆలస్యమవుతుంది, దానికి టెన్షన్ పడకు. పోయిన టైమును గేటు దాటాక రాబట్టుకుందామని అందరూ ఎగబడతారు, నువ్వు పోనివ్వు. కోదాడ వచ్చేసరికి మంచు కూడా విడిపోయి ఉంటుంది. ఎక్కడైనా మంచు దట్టంగా ఉంటే హై బీమ్ వేయకు, ఎదురుగా తెల్ల గోడలా కనిపిస్తుంది. రోడ్డు పక్కన కూడా ఆపకు. పెట్రోల్ బంకులోకి పూర్తిగా లోపలికి తీసుకెళ్లి ఆపు. ఆవలింతలొస్తే టీ తాగి నెట్టుకురాకుండా సూర్యాపేటలో ఓ 20 నిమిషాలు సీటు వాల్చి పడుకో. బండి తెల్లగీత మీదకు జరుగుతోందా అని అమ్మాయిని కాస్త కనిపెట్టి ఉండమను. తను చెబితే కోపం తెచ్చుకోకు.

ముందు బండికి ఎంత దూరం ఉంచాలో నా పాత లెక్క చెబుతాను. అది కిలోమీటరు రాయి దాటగానే నిదానంగా మూడుసార్లు గోవిందా అనుకో. మూడోది పూర్తికాకుండానే నువ్వు ఆ రాయి దగ్గరికి వచ్చావంటే మరీ అంటుకుని పోతున్నావన్నమాట. వానకీ మంచుకీ ఆరు గోవిందలు. (మా డిపోలో ఒకాయన అల్లాను తలుచుకునేవాడు, లెక్క ఒకటే.)

బుజ్జిదాన్ని ముందు సీట్లో ఒళ్లో కూర్చోబెట్టుకోవద్దని అమ్మాయికి గట్టిగా చెప్పు. ఎయిర్‌బ్యాగ్ విచ్చుకుంటే పసిపిల్ల తట్టుకోలేదు. పిల్లల సీటు కొని వెనక బిగించు. ఏడుస్తుంది, ఓ అరగంటకి అలవాటు పడుతుంది. వెనక కూర్చున్న పెద్దవాళ్లకీ బెల్టు ఉండాల్సిందే. 2022లో టాటా కంపెనీ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ కారు ప్రమాదంలో పోయింది వెనక సీట్లో బెల్టు లేకుండా కూర్చునే. ముందున్న ఇద్దరూ బతికారు.

దారిలో ఎవరికైనా దెబ్బలు తగిలి కనిపిస్తే కారును పక్కకు దూరంగా ఆపి 108కి ఫోన్ చెయ్యి. హైవే వాళ్ల నంబరు 1033. పోలీసులు తిప్పుతారేమోనన్న భయం వద్దు. 2019లో చట్టం మార్చాక, సాయం చేసినవాళ్లు ఇష్టం లేకపోతే పేరు కూడా చెప్పనక్కర్లేదు.

ఆ రోజు నేను ఫోన్ చేయను. మీ అమ్మను కూడా చేయొద్దన్నాను, ఆవిడ ఆగుతుందో లేదో మరి. ఫోన్ అమ్మాయి చేతికిచ్చెయ్. సూర్యాపేటలో ఆగినప్పుడు నువ్వే చెయ్యి.

మీ మామయ్య