కళరి నేర్చుకుంటానంటున్న అబ్బాయి

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ పూర్తి చేశాడు. చిన్నప్పటి నుంచి దసరాకి తాలింఖానాలో కర్ర తిప్పుతాడు. ఇప్పుడు డిగ్రీ వద్దట, కేరళ వెళ్లి అక్కడి పాత యుద్ధవిద్య కళరిపయట్టు (కళరి) నేర్చుకుంటాడట. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. దీంతో బతుకుతెరువు దొరుకుతుందా అండి?

జవాబు: ఆ విద్య ఒక్కదాన్నే నమ్ముకుంటే కష్టమేనండి. చదువుతో పాటు నేర్చుకుంటానంటే మాత్రం అడ్డు చెప్పకండి.

ముందు వాడికి ఏ శైలి కావాలో అడగండి. ఉత్తర కేరళ పద్ధతిలో (వడక్కన్) మొదట మెయ్‌తారి, అంటే ఒంటిని వంచే కసరత్తులు. తర్వాత కోల్‌తారిలో కర్రలు, అంకతారిలో కత్తీ డాలూ. ఉత్త చేతుల పోరు చివరికి వస్తుంది. నేలలో గుంట తీసి కట్టిన, 42 అడుగుల పొడవు, 21 అడుగుల వెడల్పు ఉండే సాధనశాలలో (దాన్నీ కళరి అనే అంటారు) సాధన చేస్తారు. దక్షిణ కేరళ పద్ధతిలో (తెక్కన్) చేతులతో కొట్టడం, కాచుకోవడం ముందే మొదలవుతాయి, మర్మస్థానాల (ఒంట్లో దెబ్బ తగిలితే ప్రమాదమైన చోట్ల) మీద పట్టు ఎక్కువ. వీడియోల్లో ఉరుమి (కొరడాలా వంగే పొడవాటి కత్తి) తిప్పడం చూసి మనసు పారేసుకున్నాడేమో కనుక్కోండి. దాన్ని కొత్తవాళ్ల చేతికి ఇవ్వరు. నెలల తరబడి కాలు ఎత్తి దించడమే పని అంటే ఉత్సాహం నిలుస్తుందా? మన తాలింఖానాలో కర్ర పట్టిన చెయ్యి కాబట్టి కోల్‌తారికి పనికొస్తుంది, కానీ అడుగులు మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాల్సిందే.

ఇక ఉద్యోగం. 2022 జూన్‌లో పంచకులలో జరిగిన ఖేలో ఇండియా యూత్ గేమ్స్‌లో గత్కా, థాంగ్‌టా, మల్లఖంబ్ లాంటి దేశీ ఆటలతో పాటు కళరికీ పోటీలు పెట్టారు. 2025 ఉత్తరాఖండ్ జాతీయ క్రీడల్లో మాత్రం ప్రదర్శన క్రీడగానే (పతకాల పట్టికలో లెక్కకి రానిదిగా) ఉంచారు, దానిపై గొడవ కూడా జరిగింది. ఇలా ఏడాదికోలా మారే చోట స్పోర్ట్స్ కోటా మీదే ఆశ పెట్టుకోకూడదు. ఏ నోటిఫికేషన్‌కి ఆ నోటిఫికేషన్‌లో ఆటల జాబితా చూడాల్సిందే.

నాకు గట్టిగా కనిపిస్తున్నది పీఈటీ (వ్యాయామ ఉపాధ్యాయుడు) దారి. ఏపీ పీఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాస్తే ఇంటర్‌తో డీపీఎడ్ (వ్యాయామ విద్యలో డిప్లొమా), డిగ్రీ తర్వాత బీపీఎడ్ (అందులోనే డిగ్రీ) చేయొచ్చు. చేతిలో ఆ సర్టిఫికెట్ ఉన్నవాడికి కళరి కూడా వస్తే స్కూళ్లలో, ఫిట్‌నెస్ సెంటర్లలో విలువ పెరుగుతుంది. నాట్యం, నాటకం వాళ్లకి శరీర శిక్షణ ఇచ్చే అవకాశమూ ఉంది, కథకళి వాళ్ల కసరత్తులకి మూలం కళరే.

ఒక జాగ్రత్త. కళరిలో నూనె మర్దన, మర్మ చికిత్స కూడా చెబుతారు. వాటిని నమ్ముకుని ఇక్కడ వైద్యుడినని బోర్డు పెట్టకూడదు. ఆయుర్వేద వైద్యుడయ్యే బీఏఎంఎస్ చేయాలంటే బైపీసీ, నీట్ ఉండాలి, వాడిది ఎంపీసీ.

అడ్మిషన్లు మొదలయ్యే లోపు ఒక నెల పంపి చూడండి. మీరూ వెంట వెళ్లి, గురుక్కళ్ (కళరి గురువు) దగ్గర ఎన్నేళ్ల నుంచి ఎంతమంది నేర్చుకుంటున్నారో, బసకీ భోజనానికీ ఎంతవుతుందో ముందే మాట్లాడుకోండి.