రోయింగ్ మెషిన్ లివర్ పది మీద పెడితే వ్యాయామం పెరుగుతుందా?

ఇంట్లో వాడే రోయింగ్ మెషిన్ల (కూర్చుని కాళ్లతో తన్నుతూ, తెడ్డు వేసినట్టు హ్యాండిల్ లాగే వ్యాయామ యంత్రాల) గురించి పాఠకులు అడిగిన ప్రశ్నల్లో నలుగురికీ పనికొచ్చేవి ఏరి జవాబులిస్తున్నాం. ఎక్కువ ఉత్తరాలు గాలి చక్రం ఉండే మెషిన్ గురించే వచ్చాయి. వాటిలో జిమ్‌లూ, పోటీ జట్లూ అంతటా వాడేది కాన్సెప్ట్2 వాళ్ల మెషిన్. అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో పడవ తెడ్లు తయారు చేసే ఇద్దరు అన్నదమ్ములు 1981లో దాని మొదటి నమూనా తెచ్చారు. కింద ఇచ్చిన కొలతలు, అంకెలు ఆ మెషిన్‌వి. వేరే కంపెనీది కొన్నవాళ్లు తమ మాన్యువల్‌తో పోల్చి చూసుకోవాలి.

మాది మూడో అంతస్తులో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్. ఎంత జాగా కావాలి? చప్పుడుకి కింది ఇంటివాళ్లతో గొడవ వస్తుందా?
– పాఠకుడు, కూకట్‌పల్లి

మెషిన్ పొడవు 8 అడుగులు, వెడల్పు 2 అడుగులు. వాడేటప్పుడు మాత్రం 9 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు ఖాళీగా ఉండాలి. వెనక్కి వాలినప్పుడు తల, లాగినప్పుడు మోచేతులు దేనికీ తగలకూడదు కదా. కొనకముందే హాల్లో చాక్‌పీసుతో ఆ కొలత గీసి, తలుపులు తెరుచుకుంటున్నాయో లేదో చూసుకోండి. బరువు 26 కిలోలు. పనిముట్లేవీ లేకుండానే రెండు ముక్కలుగా విడదీయొచ్చు. ముందు భాగానికి చక్రాలుంటాయి కాబట్టి గోడవారకు దొర్లించుకోవచ్చు. విడదీయకుండా మొత్తాన్ని నిలువుగా గోడకు ఆనించకండి. పిల్లలున్న ఇంట్లో అది ప్రమాదం. బాల్కనీలో ఎండకీ, వానకీ వదలొద్దు.

గాలి మెషిన్ ఎంత గట్టిగా లాగితే అంత హోరెత్తుతుంది. పక్కన టీవీ మాట వినిపించదు. ఆ హోరు చాలావరకు మీ గదిలోనే ఉండిపోతుంది. కింది ఇంటికి చేరేది సీటు అటూ ఇటూ జారే అదురు. మెషిన్ కాళ్ల కింద 10 మిల్లీమీటర్లకు తగ్గని రబ్బరు మ్యాట్ వేస్తే అది చాలావరకు ఆగుతుంది. తెల్లవారుజామునే చేసే అలవాటుంటే అయస్కాంతంతో పనిచేసే మోడల్ చూడండి, చప్పుడు బాగా తక్కువ. చవగ్గా దొరికే హైడ్రాలిక్ సిలిండర్ల మోడళ్లను మేం సిఫారసు చేయం. కాసేపు చేసేసరికి సిలిండర్‌లోని నూనె వేడెక్కి పలచబడుతుంది, లాగుడు తేలికైపోతుంది. నిన్నటి వ్యాయామాన్ని ఇవాళ్టితో పోల్చుకునే వీలే ఉండదు.

మేమే బిగించుకున్నాం. రెండో రోజు నుంచే మెషిన్ ఊగుతోంది. సీటు ఒకచోట గతుకు మీద ఎక్కినట్టు కదులుతోంది.
– పాఠకురాలు, నిజామాబాద్

ఇవి రెండు వేర్వేరు సమస్యలు. ఊగడానికి కారణం ఎక్కువగా బోల్టులు బిగించిన వరస. ఒక బోల్టును పూర్తిగా బిగించేసి రెండోదానికి వెళ్తే కాలు కాస్త వంకరగా కూర్చుంటుంది. మొదట కాళ్ల బోల్టులన్నీ వదులు చేయండి. మెషిన్‌ను సమంగా ఉన్న గచ్చు మీదికి జరపండి. అన్నిటినీ చేత్తో తిరిగినంతవరకు తిప్పి, ఆ తర్వాతే ఎదురెదురు బోల్టుల్ని కొద్దికొద్దిగా కీతో బిగించుకుంటూ రండి. వారం వాడాక ఇంకోసారి బిగింపు చూడాలి. అప్పటికీ ఊగితే మెషిన్‌ను పక్క గదిలో పెట్టి చూడండి. నీళ్లు పోవడానికి వాలు ఇచ్చిన గచ్చు అయితే తప్పు మెషిన్‌ది కాదు.

సీటు గతుకు దాదాపు ఎప్పుడూ మురికే. చెమట, దుమ్ము, దుస్తుల నూగు కలిసి సీటు చక్రాలకు నల్లటి పొరలా అంటుకుంటాయి. సీటు జారే పట్టాను తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో ఆరబెట్టండి. సీటును ముందుకీ వెనక్కీ జరుపుతూ ఒక్కో చక్రాన్నీ తుడవండి. ఇది రోజూ వ్యాయామం అయ్యాక చేయాల్సిన పని, అర నిమిషం కూడా పట్టదు. పట్టాకు నూనె మాత్రం రాయకూడదు. రాస్తే దుమ్మంతా అక్కడే పేరుకుంటుంది.

మా జిమ్ ట్రైనర్ లివర్ ఎప్పుడూ 10 మీద పెట్టమంటాడు. ఇంట్లో 4 మీద చేస్తే తేలిగ్గా ఉంది. 10 పెడితేనే వ్యాయామమా?
– పాఠకుడు, విజయవాడ

కాదు. ఈ అపోహ వల్ల నడుము పట్టేసి మెషిన్‌నే మూలన పడేసినవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి కొంచెం వివరంగా చెప్తాం.

చక్రం పక్కనుండే ఆ లివర్ బరువులు పెంచేది కాదు. చక్రం ఉన్న డబ్బాలోకి ఎంత గాలి వెళ్లాలో నిర్ణయించే మూత అది. 10 దగ్గర మూత పూర్తిగా తెరుచుకుంటుంది. లోపలికి వచ్చిన గాలి చక్రాన్ని త్వరగా నెమ్మదింపజేస్తుంది, మీరు మళ్లీ లాగేసరికి దాన్ని కింది వేగం నుంచి పైకి లేపాలి. లోడు వేసిన నాటుపడవను తోసినట్టుంటుంది. 3, 4 దగ్గర చక్రం తన వేగాన్ని చాలాసేపు నిలుపుకుంటుంది. సన్నటి పందెం పడవలాగా దాన్ని అందుకోవాలంటే కాళ్లు చురుగ్గా తన్నాలి. మీకు 4 మీద తేలిగ్గా ఉందంటే ఆ చురుకుతనం ఇంకా రాలేదని అర్థం. అదే లివర్ మీద మరింత వేగంగా తన్ని చూడండి, మెషిన్ అంతే గట్టిగా ఎదురిస్తుంది.

తెర మీద కనిపించే దూరానికీ లివర్ అంకెకూ సంబంధం లేదు. మీరు సీటుతో ముందుకు వచ్చే ఆ కాసేపట్లో చక్రం ఎంత త్వరగా నెమ్మదిస్తోందో మానిటర్ ప్రతిసారీ కొలుస్తుంది. దాన్ని లెక్కలోకి తీసుకునే మీరు పెట్టిన శక్తిని చెబుతుంది. ఆ కొలతనే డ్రాగ్ ఫ్యాక్టర్ అంటారు. మానిటర్ మెనూలో మోర్ ఆప్షన్స్, అందులో డిస్‌ప్లే డ్రాగ్ ఫ్యాక్టర్ నొక్కి నాలుగైదు సార్లు లాగితే అంకె కనిపిస్తుంది. కొత్తవాళ్లకు 100 నుంచి 120 మధ్య బాగుంటుంది. అలవాటైన బలిష్ఠులు 120 నుంచి 140 దాకా పెట్టుకుంటారు. కొత్త మెషిన్ మీద లివర్ 10 పెడితే అది 200 దాటుతుంది. అది రోజువారీ సాధనకు తగిన అంకె కాదు.

కాబట్టి మీరు గుర్తుపెట్టుకోవాల్సింది లివర్ అంకెను కాదు, డ్రాగ్‌ను. దుమ్ముపట్టిన జిమ్ మెషిన్‌లో 6 దగ్గర వచ్చే డ్రాగ్ మీ ఇంటి కొత్త మెషిన్‌లో 4కే రావచ్చు. ఊరి ఎత్తు కూడా తేడా తెస్తుంది. హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్ల పైన ఉంది కనుక గాలి కోస్తాలో కంటే కొంచెం పలచన, అదే లివర్ దగ్గర డ్రాగ్ ఐదారు శాతం తగ్గుతుంది. నెలకోసారి ఒకే లివర్ మీద డ్రాగ్ చూసి క్యాలెండర్‌లో రాసుకోండి. 120 ఉండేది 105కి వచ్చిందంటే చక్రం చుట్టూ ఉన్న చిల్లుల రేకు దుమ్ముతో మూసుకుపోయినట్టే. పై మూత స్క్రూలు విప్పి, వాక్యూమ్ క్లీనర్ బ్రష్‌తో లోపలి దుమ్ము లాగేస్తే అంకె మళ్లీ పైకి వస్తుంది.

పది నిమిషాలు చేసేసరికి నడుము కింద నొప్పి. డిస్క్ సమస్య లేదని డాక్టర్ చెప్పారు. మరి ఎందుకిలా?
– పాఠకురాలు, తిరుపతి

మీరు కాళ్లు, నడుము, చేతులు మూడూ ఒకేసారి కదిలిస్తూ ఉండొచ్చు. లేదా కాళ్లు తన్నగానే సీటు వెనక్కి పోయి, హ్యాండిల్ మాత్రం ఉన్నచోటే ఉండిపోతూ ఉండొచ్చు. ఈ రెండోది చాలామంది గమనించరు. సీటు ఒక జానెడు జారినా చైన్ అంత మేర బయటికి రాలేదంటే, కాళ్ల బలం చైన్‌కు అందకుండా పోయింది. మిగతా లాగుడంతా నడుము మీద పడుతుంది. ఫోన్‌ను పక్కన స్టూలు మీద పెట్టి ఒక నిమిషం వీడియో తీసుకోండి. సీటూ, హ్యాండిలూ ఒకే క్షణంలో, ఒకే వేగంతో కదలాలి.

సరైన వరస ఇది. ముందుకు వచ్చినప్పుడు మోకాలి కింది ఎముక నిట్టనిలువుగా ఉండాలి, అంతకు మించి ముందుకు రావద్దు. మడమ కాస్త లేస్తే ఫర్వాలేదు. చేతులు చాచి, భుజాలు వదులుగా, నడుము తుంటి దగ్గర నుంచి ముందుకు వంగి ఉండాలి, వీపు గూని కాకూడదు. మొదట కాళ్లు మాత్రమే తన్నాలి, చేతులు తాడులా ఊరికే చాచి ఉంటాయి. కాళ్లు దాదాపు నిటారు కాగానే ఒళ్లు కొంచెం వెనక్కి వాలాలి, గడియారంలో పదకొండు నుంచి ఒంటిగంటకు వచ్చినంత, అంతకన్నా వద్దు. చివర్లో చేతులు మడిచి హ్యాండిల్‌ను పక్కటెముకల కిందికి తెచ్చుకోవాలి. తిరిగి వెళ్లేటప్పుడు వరస తలకిందులు: చేతులు, ఒళ్లు, ఆఖరున మోకాళ్లు. హ్యాండిల్ మోకాళ్లు దాటాకే మోకాళ్లు మడవాలి. చైన్ మోకాళ్లకు తగులుతోందంటే మీరు తొందరపడి మడుస్తున్నారన్నమాట. తన్నడానికి పట్టిన సమయానికి రెండింతలు తిరిగి ముందుకు రావడానికి తీసుకోండి.

పాదాల పట్టీ కూడా చూడండి. అది పాదం ముందు భాగంలో, వేళ్ల మొదట్లో వెడల్పుగా ఉండేచోట రావాలి. మడమ తొట్టిని పైకో కిందికో జరిపి ఆ కొలత కుదుర్చుకోవాలి. పట్టీ చీలమండ వైపు వస్తే ముందుకు వంగడానికి పాదం సహకరించదు, ఆ లోటును నడుము పూడుస్తుంది. రెండు వారాలు లివర్ 3 మీద, నిమిషానికి 18 నుంచి 20 సార్లకు మించకుండా ఈ వరసే సాధన చేయండి. అప్పటికీ నొప్పి ఉంటే ఆపేసి ఫిజియోథెరపిస్టుకు చూపించుకోవాలి.

మా ఇల్లు బీచ్‌కు దగ్గర. చైన్ మీద గోధుమరంగు మరకలు, లాగితే గరగర. కొబ్బరినూనె రాశాం, తగ్గలేదు.
– పాఠకుడు, విశాఖపట్నం

కొబ్బరినూనె ఆపండి. అది కొన్నాళ్లకు జిగటబడి ఉప్పునీ, దుమ్మునీ చైన్‌కు అంటిపెడుతుంది. తుప్పు వదిలించే స్ప్రేలూ వద్దు, అవి చైన్ కీళ్లలోని నూనెను కడిగేస్తాయి. శుద్ధి చేసిన మినరల్ ఆయిల్, లేకుంటే 20 డబ్ల్యూ మోటార్ ఆయిల్ ఒక టీస్పూన్ పాత నూలు గుడ్డ మీద పోయండి. హ్యాండిల్‌ను ఇంకొకరు పూర్తిగా లాగి పట్టుకుంటే, ఆ గుడ్డను చైన్ పొడవునా పట్టి తుడవండి. గుడ్డకు నలుపు రావడం ఆగేదాకా మళ్లీ తుడిచి, పైకి కనిపించే నూనె పూర్తిగా ఒత్తేయండి. మామూలుగా 50 గంటల వాడకానికి ఒకసారి ఈ పని చాలు. సముద్రపు గాలిలో వాడకంతో నిమిత్తం లేకుండా పదిహేను రోజులకోసారి చేయడం మంచిది. వాడనప్పుడు కిటికీ వైపు కాకుండా లోపలి గదిలో పెట్టి, పాత దుప్పటి కప్పండి. ఇంత చేసినా ఏదో ఒక లింకు వంగకుండా బిగుసుకుపోయి ఉంటే చైన్ మార్చాల్సిందే. అలాంటి చైన్ లోపలి పళ్ల చక్రాన్ని అరగదీస్తుంది.

హ్యాండిల్ వదిలితే పూర్తిగా లోపలికి పోవడం లేదు, చైన్ వేలాడుతోంది.
– పాఠకురాలు, ఖమ్మం

చైన్‌ను వెనక్కి లాగే సాగుడు తాడు వదులైంది. ఇది వాడకంలో సహజంగా జరిగేదే, 250 గంటలకోసారి చూసుకోవాలి. మాన్యువల్ బొమ్మ ప్రకారం తాడు కొసను కొద్దిగా లాగి మళ్లీ ముడివేయాలి. మరీ బిగించొద్దు, తాడు త్వరగా పాడవుతుంది. బిగించాక హ్యాండిల్ సీటు జారే పట్టా చివరి దాకా అడ్డు లేకుండా రావాలి. తాడు మీద తొడుగు చిరిగి లోపలి రబ్బరు కనిపిస్తుంటే ముడి మార్చి లాభం లేదు, కొత్త తాడు వేయించండి. ఇంకో మాట. వ్యాయామం అయ్యాక హ్యాండిల్‌ను గాల్లో వదిలేసి చైన్‌ను కొట్టుకోనివ్వకండి. చేత్తో తీసుకెళ్లి కొక్కేనికి తగిలించండి. పిల్లలు ఒంటిచేత్తో పక్కకి లాగడం, చైన్ మెలితిప్పడం వల్ల కూడా మెషిన్లు రిపేరుకు వస్తాయి.

మాది నీళ్ల ట్యాంకు ఉండే మెషిన్, గరాజ్‌లో పెట్టాం. నీళ్లు పచ్చబడ్డాయి.
– పాఠకుడు, న్యూజెర్సీ

ఎండ తగిలితే నాచు పడుతుంది. మెషిన్‌తో ఇచ్చిన క్లోరిన్ బిళ్ల ఒకటి వేసి, నాలుగైదు నిమిషాలు లాగి కలపండి. రెండు మూడు రోజుల్లో తేటపడకపోతే సైఫన్ పంపుతో నీళ్లు తీసేసి కొత్తవి నింపాలి. ఈతకొలను క్లోరిన్, బట్టల బ్లీచ్ వాడితే ట్యాంకు ప్లాస్టిక్ దెబ్బతింటుంది. మీ చలికాలం గురించే మా ఆందోళన ఎక్కువ. గరాజ్‌లో నీళ్లు గడ్డకడితే ట్యాంకు పగులుతుంది. నవంబర్‌కల్లా మెషిన్‌ను ఇంట్లోకి తెచ్చేయండి.

నా బరువు 55 కిలోలు, మావారిది 80. ఒకే వేగంతో చేస్తే ఇద్దరికీ ఒకే క్యాలరీలు చూపిస్తోంది. మెషిన్ తప్పా?
– పాఠకురాలు, వరంగల్

మెషిన్‌కు మీ బరువు తెలియదు. అది దాదాపు 79 కిలోల మనిషిని ఊహించుకుని లెక్క వేస్తుంది. గంటకు 300 క్యాలరీలు స్థిరంగా కలిపి, దాని మీద మీరు పెట్టిన శక్తికి తగిన మొత్తం చేరుస్తుంది. ఉదాహరణకు 100 వాట్లతో గంటకు 644 చూపిస్తుంది. మీ బరువుకు ఆ 300 బదులు దాదాపు 208 వేసుకోవాలి, అంటే 552. మీవారి లెక్క దాదాపు సరిపోతుంది.

క్యాలరీల కన్నా 500 మీటర్లకు పట్టే సమయం చూసుకోవడం మేలు. వేగం పెంచాలంటే శక్తి దాని ఘనంలో పెరగాలి. 500 మీటర్లు 2 నిమిషాల 30 సెకన్లలో చేయడానికి సుమారు 104 వాట్లు చాలు, 2 నిమిషాల్లో చేయాలంటే 203 వాట్లు కావాలి. మూడు సెకన్లు తగ్గినా అది మంచి పురోగతే, నిరుత్సాహపడకండి.

వయసు 62. బీపీ మందులు వాడుతున్నాను. మోకాళ్లు కొంచెం పట్టేస్తాయి. మొదలుపెట్టొచ్చా?
– పాఠకుడు, అనంతపురం

ముందు మీ డాక్టరుకు చెప్పి అనుమతి తీసుకోండి. మెషిన్ కొనేముందు సీటు ఎత్తు కనుక్కోండి. మామూలు మోడల్‌లో అది 14 అంగుళాలే, కూర్చుని లేవడం కష్టమవుతుంది. పొడుగు కాళ్ల మోడల్‌లో 20 అంగుళాలు, కుర్చీ ఎత్తు కన్నా కొంచెం ఎక్కువే. మీకు అదే తీసుకోవాలని మా సలహా. మోకాలు నొప్పి లేకుండా ఎంతవరకు మడుస్తుందో అంతవరకే ముందుకు రండి, పూర్తిగా రానవసరం లేదు. మొదటి వారం రోజు విడిచి రోజు, 5 నిమిషాల చొప్పున రెండుసార్లు, మధ్యలో 2 నిమిషాల విరామం. చేస్తూ ఇంట్లోవాళ్లతో మాట్లాడగలగాలి. మాట తెగిపోతుంటే వేగం తగ్గించండి. ఊపిరి బిగబట్టి లాగితే బీపీ ఎగబాకుతుంది, అందుకని తన్నేటప్పుడు వదులుతూ, ముందుకు వచ్చేటప్పుడు పీల్చండి. ఛాతీలో బిగువు, కళ్లు తిరగడం లాంటివి ఏమాత్రం అనిపించినా ఆ రోజుకు ఆపేసి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. అయ్యాక ఒక్కసారిగా లేవకండి. రెండు నిమిషాలు మెల్లగా లాగి, పట్టీలు విప్పుకుని, పక్కన పెట్టుకున్న గట్టి కుర్చీని పట్టుకుని లేవండి.