రామేశ్వరానికి ఒక్క పూట సరిపోతుందా?

దేవరకొండ నుంచి మోకాళ్ల నొప్పులున్న అమ్మను రామేశ్వరం తీసుకెళ్లాలనుకుంటున్నామని, ట్రావెల్స్ వాళ్లు మదురైతో కలిపి ఒక్క పూటే ఇస్తున్నారని, అది చాలా అని అడిగారు. చాలదండీ. మదురై నుంచి రావడానికే దాదాపు 170 కిలోమీటర్లు. గుడి చూసి వెనక్కి తిరిగితే దీవి కొసనున్న ధనుష్కోటి మిగిలిపోతుంది. రెండు రాత్రులు అక్కడే ఉండేలా సొంతంగా ప్లాన్ చేసుకోండి.

మాది మర్రిగూడ వైపు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి తాగి మా అమ్మకు నడుము వంగదు, కింద కూర్చుంటే లేవలేదు. అయినా 22 తీర్థాల స్నానం, అంటే గుడిలోని బావుల నీళ్లతో స్నానం, చేసి తీరాలని పట్టుబట్టింది, చేసింది కూడా. ముందు గుడికి తూర్పున అగ్నితీర్థం, అంటే సముద్రమే. అక్కడ పెద్ద అలలుండవు, మన చెరువులో దిగినట్టే దిగొచ్చు. ఆ తడిబట్టలతోనే గుడిలోకి వెళ్లి ఒక్కో బావి దగ్గర ఆగాలి. గట్టు మీద నిలబడ్డ మనిషి తాడు కట్టిన చిన్న బకెట్ బావిలోకి వదిలి, తోడి, మీ తల మీద పోస్తాడు. కళ్లు తుడుచుకునేలోపే వెనక వాళ్లు ముందుకు జరగమంటారు. రాతి నేల ఎప్పుడూ తడిగానే ఉండి జారుతుంది కాబట్టి పెద్దవాళ్లను చెరో పక్క పట్టుకోవడానికి ఇద్దరు ఉండాలి. తెల్లవారగానే వెళ్తే తోపులాట తక్కువ. తడిబట్టలతో దర్శనానికి పంపరు, పొడి బట్టల సంచి ఒకరి చేతిలో ఉంచండి. అన్నీ తిరగలేకపోతే అమ్మగారిని బలవంతపెట్టకండి, సముద్ర స్నానం చేసి దర్శనం చేసుకున్నా తృప్తిగానే ఉంటుంది. బయటి ప్రాకారంలో 1,212 స్తంభాలంటారు. అంత పొడవు నడవలో కాస్త కూర్చోబెట్టి, మెల్లగా తిప్పండి.

రెండో రోజు పొద్దున ధనుష్కోటి. ఇరవై కిలోమీటర్ల లోపే, చివర అరిచల్‌మునై దాకా తారు రోడ్డు ఉంది, ఆటో మాట్లాడుకుంటే అమ్మగారు నడవక్కర్లేదు. వెళ్తుంటే ఎడమవైపు సముద్రం నెమ్మదిగా, కుడివైపు అలలతో ఉంటుంది. కొసన నీళ్లలోకి దిగకండి, ప్రవాహం లాగేస్తుంది. ఒకప్పుడు ఇక్కడి నుంచే శ్రీలంకలోని తలైమన్నార్‌కు స్టీమర్లు నడిచేవి. 1964 డిసెంబర్ 22 రాత్రి వచ్చిన తుపానులో పాంబన్ నుంచి వస్తున్న ప్యాసింజర్ రైలు ప్రయాణికులతో సహా కొట్టుకుపోయింది, ఊరూ పోయింది. చర్చి గోడలు, స్టేషన్ గోడలు మిగిలాయి.

ఆ గోడలకు దగ్గర్లోనే జాలర్ల గుడిసెలున్నాయి. ఒకావిడ ఇసుకలో మోకాలి లోతు గుంట తీసి, ఊరుతున్న నీటిని చిప్పతో బిందెలోకి తోడుతోంది. సముద్రం అక్కడికి పిలుపు దూరం. అమ్మ అడిగి దోసిలి పట్టి తాగింది. తియ్యటి నీళ్లు! వాన నీరు ఇసుకలో ఇంకి, బరువైన ఉప్పునీటి మీద పొరలా నిలుస్తుంది, అందుకే పైపైన తవ్వితే దొరుకుతాయి. నేలలోని రాయే నీళ్లలో ఫ్లోరైడ్ కలిపే ఊళ్లో, కృష్ణా నీళ్ల నల్లా వచ్చేదాకా బతికిన మనిషి మా అమ్మ. ఆ గుంట దగ్గర చాలాసేపు నిలబడిపోయింది. గుడిలో కంటే అక్కడే ఎక్కువ దండాలు పెట్టిందనిపించింది నాకు.

ప్రయాణానికి రైలే మేలు. నల్లగొండ మీదుగా చెన్నై వెళ్లే రైళ్లున్నాయి, అక్కడి నుంచి రాత్రి రైలెక్కితే పొద్దున రామేశ్వరం దీవికి సముద్రం మీదుగా వెళ్లే పాంబన్ రైలు వంతెన మీదుంటారు. 1914 నాటి పాత వంతెన పక్కన కట్టిన కొత్తది 2025 ఏప్రిల్‌లో ప్రారంభమైంది. ఓడలు వస్తే దాని మధ్య భాగం నిలువుగా పైకి లేస్తుంది. చెన్నైలో స్టేషన్ మారాల్సి ఉంటుంది, పెద్దవాళ్లతో కాబట్టి రెండు రైళ్ల మధ్య నాలుగైదు గంటలు ఉంచుకుంటే టెన్షన్ ఉండదు.

అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు అక్కడ వానలు. డిసెంబర్, జనవరిలో అయ్యప్ప స్వాముల రద్దీ. సంక్రాంతి రద్దీ తగ్గాక, శివరాత్రికి ముందు టికెట్లు చూసుకోండి.